గండికోట గండియు మన వెండితెరయు

మొన్నటి మార్గశిర మాసమున మా పాఠశాలలోని తొమ్మిదవ తరగతి పిల్లలను వెంటబెట్టుకొని గండికోటకు పోయియుంటిమి. మాధవస్వామి గుడి గోపురమును, జామియా మసీదును, పాతకాలపు ధాన్యాగారమును చూపి, తుదకు రాతిగుండ్లమీదుగా నడిపించి పెన్న గండి అంచునకు చేర్చితిమి. మూడువందల అడుగుల క్రింద నీటిచాలు. రెండు ప్రక్కలను ఎవరో తీరికగా పేర్చి పెట్టినట్లు పలకలు పలకలుగా ఎఱ్ఱని రాళ్లు. ఆ దృశ్యము కంటబడగానే పిల్లలు మాటలు మఱచిపోవుదురని మేమనుకొంటిమి. అట్లు జరుగలేదు. "సార్, ఈడనే గదా సార్ సినిమా తీసింది?" అని యొకడడిగెను. ఇంకొకడు అంచునకు పోయి, చొక్కా చేతులు పైకి మడచి, తొడ చరచి, చెలికాని సెల్‌ఫోనువైపు ముఖము త్రిప్పెను. మా తోడి వ్యాయామోపాధ్యాయులు వాని మెడపట్టి వెనుకకు లాగకున్నచో మేమీ వ్యాసము వ్రాయుటకు కూర్చుండియుండెడివారము కాము.

మఱునాడు తరగతిలో 'గండికోట' యను శీర్షిక నిచ్చి రెండు పుటలు వ్రాయుడంటిమి. వచ్చిన వ్యాసములలో సగమునకు పైగా సినిమాల పేళ్లే. ఏ కథానాయకుడు వచ్చి యెక్కడ నిలుచుండెనో, ఏ కారు ఏ దారిన దుముకుచు పోయెనో తేదీలతోసహా వ్రాసినవారు కలరు. పెమ్మసానివారి పేరు వ్రాసినవాడొక్కడును లేడు. గండియనగా ఏమని వ్రాసినవాడును లేడు. కోపము వచ్చినమాట నిజమే. కాని పిల్లలను కోపించుటకు ముందు వారికి ఆ కన్ను నిచ్చినవారిని పరీక్షించుట న్యాయమని తోచినది. మన సీమలోని కొండచరియలును, బురుజులును, బంగళాలును చలనచిత్రములలో ఎట్లు కనబడుచున్నవో, ఆ కనబడుటవలన వానికేమి కలిగినదో విచారింపదలచితిమి.

మన ఆలంకారికులు రసనిష్పత్తికి కారణములైన విభావములను రెండుగా విభజించిరి. ఎవనిని గుఱించి భావము పుట్టునో వాడు ఆలంబనము. పుట్టినదానిని పెంచునవి ఉద్దీపనములు. చంద్రుడు, తోట, కోయిల, కొండ, యేరు ఇవన్నియు సాధారణముగా ఉద్దీపనములు. కావ్యమునకు పదునెనిమిది వర్ణనములుండవలెనన్న నియమము పుట్టిన తరువాత చిన్న కవులు కొండను లెక్కకొఱకు వర్ణించి ఊరకొనిరి. పెద్దవాడట్లు చేయడు. కుమారసంభవమున కాళిదాసుకు హిమవంతుడు కేవలము మంచుకొండ కాదు. మేనకు భర్త, పార్వతికి తండ్రి, బిడ్డ పెండ్లికి తహతహపడు గృహస్థుడు. అక్కడ కొండయే కథలోని మనిషి. ఉద్దీపనముగా మొదలైన కొండ ఆలంబనమైనది. ఒక ప్రదేశమును కళాకారుడు చూచెనా, లేక వాడుకొనెనా యని తేల్చుటకు మాకింతకంటె మంచి కొలబద్ద దొరకలేదు.

ఇంగ్లీషు సాహిత్యమునుండి ఒక యుదాహరణము. డోవరు పట్టణమువద్ద సముద్రమునకు అభిముఖముగా నిలిచిన తెల్లని సుద్దకొండచరియ లోకప్రసిద్ధమైనది. షేక్స్‌పియరు 'కింగ్ లియరు' నాటకమున గ్రుడ్డివాడైన గ్లౌస్టరు ప్రభువు ఆ చరియనుండి పడి చావగోరి, దారి చూపుమని యొకనిని బ్రతిమాలుకొనును. ఆ దారి చూపువాడు మాఱువేషములోనున్న ఆతని కొడుకే. కొడుకు తండ్రిని చదునైన నేలమీదనే నిలువబెట్టి, ఇదిగో అంచు, ఇదిగో లోతు అని మాటలతో చరియను కట్టును. క్రిందనున్నవి ఎంతెంత చిన్నవై కనబడునో చెప్పుచు, నడుమ కొండకు వ్రేలాడుచు ఆకుకూర కోసికొని బ్రదుకువానిని గూడ చూపును. రంగస్థలముపై చరియ లేదు. ఐనను చూచువానికి కండ్లు తిరుగును. ఎందుచేత? ఆ యెత్తునందు ఒక మనుష్యుని జీవనాధారము వ్రేలాడుచున్నది గనుక. మా చరియ తెరమీద నున్నది, కెమెరా దానిపైనుండి గ్రద్దవలె తిరుగును. ఐనను దానిపై మేకలు కాచువాడెవడును మాకు కనబడలేదు.

పోలిక పెట్టితిమి గనుక ఇంకొకమాట. డోవరు చరియ సముద్రపు టడుగున పేరిన సుద్ద. గండికోట రాయియు ఒకప్పుడు లోతులేని సముద్రపు టిసుకయే. భూగర్భశాస్త్రజ్ఞులు కడప పరీవాహములోని ఈ పొరకు 'గండికోట క్వార్ట్‌జైటు' అని మా యూరి పేరే పెట్టిరి. నూఱుకోట్ల యేండ్లకు పైబడిన యిసుక అది. ఇట్టి రాతి పలకలపై నాటి అలలు విడిచిన గీతలు నేటికిని కానవచ్చును. చినుకు కొఱకు ముఖము పైకెత్తి చూచు సీమలో కాలిక్రింది రాయి సముద్రతీరమగుట వింతయే. ఈ వింతకు ఏ చిత్రమునను చోటు దొరకలేదు.

గండికోట చరిత్రము చదువరులు ఎఱిగినదే గాన త్వరగా చెప్పెదము. ఎఱ్ఱమల కొండలను పెన్న కోసికొనిపోయిన చోట కోట వెలసెను. విజయనగర ప్రభువులకు విశ్వాసపాత్రులైన పెమ్మసానివారు దీనిని తరతరములు ఏలిరి. గోలకొండ సేనాని మీర్ జుంలా చేతికి కోట చిక్కిన తరువాత, 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చెను. ఆతడు వచ్చినది ముత్యములు అమ్ముకొనుటకే. ఐనను ఆతని కన్ను చూడుడు. ఒకప్రక్క కొండ, ఒకప్రక్క అగాధముగా కోటకు పోవు ఇరుకుదారిని వ్రాసెను. మీర్ జుంలా కొలువుతీరి కూర్చుండి, కాలివ్రేళ్ల సందునను చేతివ్రేళ్ల సందునను ఉత్తరములు ఇఱికించుకొని, ఒక్కొక్కదానికి జవాబు చెప్పి వ్రాయించుటను గూడ వ్రాసెను. ఒక్క వాక్యముతో ఆ సేనాని మనయెదుట నిలిచెను. సరకు బేరమునకు వచ్చిన పరదేశికి ఉన్న దృష్టి, కోట్లు ఖర్చుపెట్టి వచ్చువారికి లేకపోవుట మాకు దుఃఖముగా నున్నది.

తెలుగు చలనచిత్రమునకు పునాదిరాళ్లు వేసినవారిలో మన సీమవారు తక్కువవారు కారు. బి. ఎన్. రెడ్డి పులివెందుల ప్రాంతమువారు. విజయా సంస్థను నడపిన నాగిరెడ్డి వారి తమ్ముడు. 'పాతాళభైరవి' తీసిన కె. వి. రెడ్డి తాడిపత్రివారు. వీరు మదరాసులో గొప్ప స్టూడియోలు నెలకొల్పి, గొప్ప చిత్రములు తీసిరి. 1951లో వచ్చిన 'మల్లీశ్వరి' రాయలకాలపు కథయే. కాని నాటి కెమెరాల బరువును, స్టూడియో పద్ధతియు అట్టివి. పుట్టిన సీమ కొండలు వారి చిత్రములలోనికి రాలేదు. 1969లో విఠలాచార్య దర్శకత్వమున రామారావును జయలలితయు నటించిన 'గండికోట రహస్యం' వచ్చెను. పేరు మాది, కథ జానపదము. రాజ్యమునకు ఏదో యొక బిరుసైన పేరు కావలసి గండికోట యనిరి. దానిని మేము తప్పు పట్టము. బాల్యమున టూరింగు టాకీసులో నేలపై కూర్చుండి చూచి, ఇంటికి వచ్చి కట్టెకత్తి త్రిప్పినవారమే మేమును. ఆ చిత్రము మమ్ము ప్రశంసింపలేదు, నిందింపనులేదు. మా పేరు మాత్రము అప్పు తీసికొనెను.

అసలు వ్యవహారము ఆ తరువాత ముప్పది యేండ్లకు మొదలయ్యెను. 1997లో 'ప్రేమించుకుందాం రా' వచ్చినది. కథానాయకుడు కర్నూలికి వచ్చి, అక్కడి ముఠానాయకుని కూతురిని ప్రేమించును. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', 'చెన్నకేశవరెడ్డి' — ఒకదాని వెనుక నొకటిగా తెల్లచొక్కాలు, వేటకొడవండ్లు, గాలిలోనికెగురు సుమోలు. వాడుకలో 'ఫ్యాక్షన్ సినిమా' యను జాతి యేర్పడినది. ఇందులో ఉద్దీపన విభావములు ఇంచుమించుగా స్థిరపడినవి. ఎఱ్ఱమట్టి, రాతిగుట్ట, ముండ్లకంప, శిథిలమైన గోడ. ఇవి కనబడగానే ప్రేక్షకునికి రక్తము రాబోవుచున్నదని తెలియును. వెన్నెల కనబడిన శృంగారము రాబోవునట్లే! శృంగారమునకు వెన్నెలను వాడుకొన్నందువలన చంద్రునికి నష్టము లేదు. రాతిగుట్టలమధ్య మనుష్యులు కాపురముండుటచేత ఇక్కడ నష్టము కలదు.

ఈ జాతికి శిఖరము కర్నూలు కొండారెడ్డి బురుజు. ఇది కర్నూలు కోటలో మిగిలిన భాగము. నవాబు చెఱలో నున్న కొండారెడ్డి యను పాలెగాని పేరుమీదుగా దీనికాపేరు వచ్చెనని చెప్పుదురు. బురుజు క్రిందినుండి తుంగభద్ర యడుగుగా అలంపురమువఱకు సొరంగమున్నదని మా తాతలకాలమునుండి చెప్పుకొనుచున్నారు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము పుట్టి, కర్నూలు రాజధానియైనప్పుడు ఆ కొత్త రాష్ట్రపు కచేరీలు ఈ బురుజు కనుచూపుమేరలోనే వెలసినవి. మూడేండ్లు గడచి 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోయెను. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి ఊరిని ముంచినప్పుడు జనులు మేడలపై కెక్కి రాత్రులు గడపిరి. ఇన్నింటిని చూచిన బురుజు ఇది.

2003 సంక్రాంతికి గుణశేఖరు దర్శకత్వమున 'ఒక్కడు' వచ్చెను. హైదరాబాదు యువకుడు కబడ్డీ ఆటకై కర్నూలికి వచ్చును. బలాత్కారముగా పెండ్లాడదలచిన ఓబుల్‌రెడ్డి యొక బాలికను నడివీధిలో పట్టుకొనును. బురుజు ఎదుట, జనమందఱు చూచుచుండగా, ఆ యువకుడు వానిని కొట్టి బాలికను తప్పించును. సన్నివేశనిర్మాణమున దర్శకుని నేర్పు కాదనరానిది. ఊరంతయు భయపడు మనిషిని ఊరి నడిబొడ్డుననే కొట్టవలెను గదా. ఆ నడిబొడ్డును కంటికి చూపుటకు బురుజుకంటె మంచి గుర్తు లేదు. ఇంతవఱకు ఔచిత్యమే. కాని ఒకటి గమనింపవలెను. ఆ సన్నివేశమున కర్నూలివారందఱు ఏమి చేసిరి? నిలుచుండి చూచిరి. ఊరు ఊరంతయు పిఱికి, లేదా క్రూరము. మంచి యొక్కటే హైదరాబాదునుండి బస్సెక్కి వచ్చెను. బురుజుకు ప్రసిద్ధి వచ్చినది; ఊరికి అపకీర్తి వచ్చినది. రెండును ఒకే సన్నివేశమున.

ఈ కథ 2004లో 'గిల్లి' యను పేర తమిళమునకు పోయినప్పుడు కర్నూలు మధుర అయ్యెను. 2015లో 'తేవర్' అని హిందీకి పోయినప్పుడు ఓబుల్‌రెడ్డి ఉత్తరదేశపు మథురవాడయ్యెను. కథ ఎక్కడికి పోయినను చెడలేదు. అనగా ఆ దౌష్ట్యము కర్నూలి నేలలో మొలిచినది కాదు. ఎక్కడ నాటినను మొలుచు విత్తనము. మధుర యనగానే తమిళ ప్రేక్షకునికి మీనాక్షి గుడియు, మల్లెపూవులును, తమిళ సంగమును గూడ తోచును. కర్నూలనగా ఇతర జిల్లాలవారికి తోచునదేమి? ఆ బురుజు, దాని యెదుట కత్తి. ఇతర చిత్రములు, ఇతర పుస్తకములు మఱియొక కర్నూలును చూపియున్నచో ఈ యొక్క చిత్రము మమ్మింత బాధింపకపోవును.

అదే చిత్రమునకు హైదరాబాదు శివార్లలో చార్మినారు సెట్టు వేసిరి. బురుజు మాత్రము నిజమైనదే. పదునేడేండ్లు గడచి 2020 సంక్రాంతికి అదే నటుడు, అదే ప్రతినాయకునితో 'సరిలేరు నీకెవ్వరు' వచ్చెను. మఱల బురుజు, మఱల తన్నులు. ఈమాఱు బురుజునే రామోజీ ఫిల్ము సిటీలో సెట్టుగా కట్టిరి. దీనితో ఉద్దీపనము పరాకాష్ఠ నొందినది! ప్రేక్షకులు ఈలవేసినది ఆ రాతికట్టడమును చూచి కాదు. పూర్వచిత్రమును జ్ఞాపకము చేసికొని. బురుజు తనకు తాను జ్ఞాపకచిహ్నమై, తుదకు తాను లేకున్నను జరుగునదైనది. నిజమైన బురుజు మాత్రము కర్నూలిలోనే యున్నది. మొన్న మేము పోయినప్పుడు దాని నీడలో ఒక ముసలామె సీతాఫలములు అమ్ముచుండెను.

2010లో రాజమౌళి తీసిన 'మర్యాద రామన్న' సంగతి చెప్పక తప్పదు. హాస్యమునకు మేము విరోధులము కాము; ఆ చిత్రమును చూచి నవ్వితిమి. శత్రువు తన ఇంటిలో నున్నంతవఱకు అతిథిగా గౌరవించి, గడప దాటగానే చంపదలచిన కుటుంబము కథ. దీనికి మూలము 1923లో బస్టర్ కీటను తీసిన అమెరికా మూకీచిత్రము. అది ఆ దేశపు దక్షిణభూములలోని వంశవైరములపై వేసిన ఎగతాళి. దానిని తెలుగు చేయునపుడు ఏ జిల్లాలో పెట్టవలెనని ఎవరికిని సందేహము కలిగియుండదు. వైరమనగా సీమయే. ఒక నానుడి యేర్పడిన తరువాత రచయిత ఆలోచింపనక్కఱలేదు. నానుడియే ఆతనికి బదులు ఆలోచించును. ఐనను ఆ చిత్రములో అతిథిమర్యాద యను గుణమొకటి మాకు దక్కినది. దానికి కృతజ్ఞులము.

ఇంక పేళ్ల సంగతి. బనగానపల్లె యొకప్పుడు చిన్న సంస్థానము. 1948వఱకు నవాబులు ఏలిరి. ఊరివెలుపల గుట్టపై వారి బంగళా యొకటి కలదు. 2009లో కోడి రామకృష్ణ 'అరుంధతి' తీసినప్పుడు దాని బాహ్యరూపమును వాడుకొనిరి. కథలో అది గద్వాల సంస్థానము. అనగా బనగానపల్లె కట్టడము గద్వాలుగా నటించెను. తరువాత ఏమైనది? నేడు ఆ యూరిలో దిగి నవాబు బంగళాకు దారి యడిగినచో ఆటోవాడు ఒక క్షణము తడబడి, "అరుంధతి కోటనా సార్?" అనును. నటుడు వేషము తీసి ఇంటికి పోవును. కట్టడము వేషముతోనే నిలిచిపోయినది. డోవరువద్దను ఇట్లే యొక చరియకు 'షేక్స్‌పియరు చరియ' యను పేరు నిలిచియున్నది. కాని ఆ నాటకము డోవరును డోవరు పేరుతోనే పిలిచినది. ఓర్వకల్లు రాతిగుట్టలకు ఈ పాటి పేరును దక్కలేదు. 2013 జులైలో 'బాహుబలి' చిత్రీకరణ మొదలైనది అక్కడనే. తెరపై అవి మాహిష్మతి లోకములో కలిసిపోయినవి. ఎవరికిని అన్యాయము జరుగలేదు గాని, ఆ గుట్టలవద్ద ఆడుకొను పిల్లవానికి ఆ రాజ్యమే తెలిసి ఈ రాయి తెలియకపోవుట మాత్రము నిజము.

గండికోటకు తగిలించిన బిరుదము వీనికన్నింటికంటె మాకు కష్టముగా నున్నది. 'భారతదేశపు గ్రాండ్ కేన్యన్' అని ప్రచారపత్రములయందును, పత్రికలయందును, సెల్‌ఫోను చిత్రములక్రిందను తఱచుగా కనబడుచున్నది. అమెరికాలోని ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు. లోతు ఒక మైలు. దాని ప్రక్కన మా గండి మూడువందల అడుగులు! పోలిక పెట్టగానే మేము ఓడిపోయితిమి. అన్నిటికంటె వింత యేమనగా, ఆ వస్తువునకు తెలుగున పేరున్నది. చెఱువుకట్ట తెగినచో గండిపడినదందుము. కొండను ఏరు తెంచుకొని పోయిన చోటును గండి యందుము. వేంపల్లెవద్ద పాపఘ్ని కొండను చీల్చుకొని పోవు చోట ఆంజనేయస్వామి గుడియున్న ఊరికిని గండి యనియే పేరు. మా అవ్వలకు తెలిసిన మాట, ఆ మాటతోనే కట్టిన ఊరిపేరు. దానిని విడిచి, అది యేమిటో చెప్పుటకు సముద్రముల కావలి పేరు తెచ్చుకొంటిమి. 1800లో నిజాము ఇంగ్లీషువారికి ధారపోసిన జిల్లాలను దత్తమండలములనెడివారు. ఆ దానపుపేరు అవమానమని 1928లో నంద్యాల సభలో పెద్దలు కూడి, చిలుకూరి నారాయణరావుగారి సూచనపై రాయలసీమ యని పేరు పెట్టుకొనిరి. పేరు మాఱినంతమాత్రమున కరవు పోలేదు. ఐనను మనిషి తన్ను తాను ఏమని పిలుచుకొనునో అది చిన్న విషయము కాదని వారెఱుగుదురు.

మిత్రుడొకడు, న్యాయవాది, ఈ వ్యాసపు చిత్తుప్రతి విని నవ్వెను. "మీరు బడిపంతులు. సినిమా వినోదము. ముఠాకక్షలు మన సీమలో లేవా? ఊళ్లు ఖాళీలు కాలేదా? ఉన్నదే చూపిరి; మీరేల ఉడుకుచున్నారు?" అనెను. న్యాయమైన ప్రశ్న. ఉన్నవి, మా తరగతిగదులలోనే తండ్రిలేని పిల్లలు కూర్చుండిరి. కక్షలను చూపవద్దని మేమనుట లేదు. చూపుడనియే అనుచున్నాము. నీరు లేని నేల, ఆ కొద్దిపాటి నీటికై పంచాయతీలు, కాంట్రాక్టులు, కూలికి కత్తిపట్టిన నిరుపేద, వానిని జెయిలునుండి విడిపించుటకు పొలమమ్మిన తల్లి — ఇవి కక్షకు వేళ్లు. మన చిత్రములు ఈ వేళ్లను త్రవ్వక, పైన పూచిన నెత్తుటిపూవును మాత్రము కోసి కథానాయకుని మెడలో వేసినవి. కత్తి పట్టిన చేయి దుష్టునిదైన నేరము, నాయకునిదైన శౌర్యము. తొడ చరచుట మా పిల్లవానికి ఆటయైనది అందువలననే. రౌద్రమును వీరముగా భ్రమింపజేయుట రసాభాసమని మేము పాఠము చెప్పుదుము; అది పరీక్షకొఱకు చెప్పు మాట కాదు.

న్యాయము చెప్పవలసినచో, 2018లో త్రివిక్రమ్ తీసిన 'అరవింద సమేత వీరరాఘవ' ఈ జాతిలోనుండియే ఈ జాతిని ప్రశ్నించినది. చంపుకొనినవారి ఇండ్లలో మిగిలిన ఆడువారి ముఖములను అది చూపెను. మొదట అరగంటసేపు నఱకినవానిచేతనే శాంతి చెప్పించుటవలన ఆ మాటకు బలము తగ్గినదని మాకు తోచినను, మాట మంచిది. నటుల విషయమున జయప్రకాశ్‌రెడ్డిని తలచుకొనవలెను. ఆయన సిరివెళ్లవారు, ఒకప్పుడు మావలెనే ఉపాధ్యాయులు. ప్రతినాయక పాత్రలలో ఆయన పలికిన సీమ యాస నకలు కాదు, ఇంటిమాట. అదే యాసతో ఆయన నవ్వించెను గూడ. 2020లో ఆయన పోయినప్పుడు మా ఉపాధ్యాయుల గదిలో ఆనాటి మాటలన్నియు ఆయన యాసలోనే సాగినవి. మిగిలినవారి నోట మా యాస వెక్కిరింతగనో, బెదిరింపుగనో వచ్చును. ప్రేమగా, ప్రార్థనగా, పాఠముగా అది వచ్చుట అరుదు.

మా ప్రదేశములను చూచిన కన్ను మాకు లేకపోలేదు. పుట్టపర్తి నారాయణాచార్యులవారు ఇంకను బాలుడై యుండగనే 'పెనుగొండ లక్ష్మి' వ్రాసిరి. తరువాత వారు విద్వాన్ పరీక్షకు కూర్చుండినప్పుడు ఆ కావ్యమే వారికి పాఠ్యగ్రంథమైనది. పాడుపడిన కోటలో ఆయనకు రాళ్లు మాటలాడినవి. విద్వాన్ విశ్వముగారి 'పెన్నేటి పాట'లో ఎండిన పెన్నయే దుఃఖించు స్త్రీ. ఆ యొడ్డున కూలిచేసికొని బ్రదుకు పేదలే నాయకులు. అక్కడ సీమ ఉద్దీపనము కాదు, ఆలంబనము. ఈ రెండు కావ్యములకును మేము కెమెరాను పెట్టి చూచితిమి — మనస్సులోనే. ఒక్క గుఱ్ఱమక్కఱలేదు, ఒక్క సుమో యక్కఱలేదు.

వర్తమానమున కథలు లేవందురా? గండికోటకు ఎగువను పెన్నపై జలాశయము కట్టిరి. దానిలో పట్టు నీరు 26.85 టి.ఎం.సి. గాలేరు-నగరి కాలువల ద్వారమున పంటలకును, త్రాగుటకును ఆ నీరు పోవలెను. అది సీమకు అవసరము, మేము కాదనము. కాని ఆ నీటిక్రిందికి ఊళ్లు పోయినవి. తాళ్లప్రొద్దుటూరు వంటి పెద్ద ఊరి జనులు 2020లో, పరిహారము పూర్తిగా రాలేదని మొఱపెట్టుచు, నీళ్లు వీధులలోనికి వచ్చుచుండగా సామానులు బండ్లకెత్తుకొని పోయిరి. కరవుసీమలో ఊళ్లు నీటిలో మునుగుట! ఇంతకంటె కథావస్తువు ఏ రచయితకు కావలెను? 2023లో 'భారతీయుడు-2' చిత్రీకరణకు కమలహాసన్‌తో పెద్ద దండు గండికోటకు వచ్చెను. దిగువను కెమెరాలు తిరిగిన ఆ కొండలకు ఎగువనే ఆ నీరు నిలిచియున్నది. వారు తీయదలచిన కథ వేఱు. ఆ కథనే తీసికొని పోయిరి. మేమెఱిగినంతలో మునిగిన ఊళ్ల కథను ఇంతవఱకు ఎవరును వెండితెర కెక్కింపలేదు.

ఆ వ్యాసములను పిల్లలకు తిరిగి యిచ్చి, సినిమా పేరు లేకుండ మఱల వ్రాయుడంటిమి. కొందఱు చరిత్రపుస్తకమును నకలు వ్రాసిరి. అంచున తొడ చరచిన పిల్లవాడు మాత్రము ఒక పుట వ్రాసెను. వాని అవ్వది ముంపు ఊరు. ఇప్పుడు వారితో జమ్మలమడుగులో ఉన్నది. ఇంటిముందు వేపచెట్టును కొట్టనీయక, నీళ్లు దాని మొదలు తాకువఱకు కూర్చుండినదట. ఈ పిల్లవాడు గండికోటలో తీసిన సినిమాను సెల్‌ఫోనులో చూచుచుండగా ఆమె ప్రక్కకు వచ్చి కూర్చుండి, చివరివఱకు చూచి, "యాడా మన నీళ్లు కనపడల్యా నాయనా?" అని యడిగెనట. దానికేమి చెప్పవలెనో తనకు తెలియలేదని వ్రాసెను.